శునకము గుర్రుమనుట: రాజపాళయం సీమ జాగిలముల ప్రసక్తితో

శునకము నోరు విప్పియు విప్పకయు, పెదవి నొకింత బిగించియో, కోరలు కనబడునట్లు పై కెత్తియో, కంఠమునుండి తెంపు లేకుండ వెలువరించు మంద్రధ్వనికి గుర్రుమనుట యని పేరు. మొరుగుట దూరమున నున్నవారిని ఉద్దేశించినది. గుర్రుమనుట చేరువకు వచ్చినవారిని ఉద్దేశించినది. ఊపిరి స్వరతంతువులమీదుగ వెడలునపుడు అవి మందగతిని కంపించుటచే ఈ నాదము పుట్టును. కంఠనాళము, ముఖకుహరము ఎంత పొడవైనవో ఆ పొడవును బట్టి దానికి ప్రతిధ్వని ఏర్పడును గనుక, కంటికి కనబడని కుక్క యెంత పెద్దదో దాని గుర్రును బట్టి వినువారు కొంతవర కూహింపగలరని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిరూపించిరి. తెలుగున గుర్రు అను మాటకు నిద్రలోని శబ్ద మొక అర్థము. ‘వాడు నామీద గుర్రుగా నున్నాడు’ అన్నప్పుడు పైకి తేలని కినుక మరియొక అర్థము. కోపము చేతలలోనికి దిగకముందు లోలోపల నిలిచియుండు స్థితిని తెలుగువాడు కుక్క గొంతులోని మాటతోనే చెప్పుకొనుచున్నాడనుట గమనింపదగిన విషయము. తమిళులు దీనిని ఉఱుమల్ అందురు. మన ఉఱుము, ఉఱిమిచూచుట ఆ మాటకు చుట్టములే. మొరిగే కుక్క కరవదను సామెత లోకమున విరివిగ వాడబడుచున్నది కాని, అది మొరుగు కుక్కను గూర్చిన మాటయే గాని గుర్రుమను కుక్కను గూర్చినది గాదు. ఈ భేదము తెలియక కరపించుకొన్నవారు పెక్కురు గలరు.

ఈ విషయమును సామాన్యముగ వివరించుటకంటె, శునకములకు పేరెన్నికగన్న ఒక సీమను ముందుంచుకొని వివరించుట మేలు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా పశ్చిమభాగమున, పడమటి కనుమల పాదమున వత్రాప్ అను ఊరు గలదు. కొండలనుండి దిగు నీటిని పిళవక్కల్ జలాశయములు నిలుపగా, ఆ నీటితో కొబ్బరితోటలు, మామిడితోటలు, వరిమళ్లు పండు చోటది. దానికి దక్షిణమున శ్రీవిల్లిపుత్తూరు, ఇంకను దక్షిణమున రాజపాళయము, ఆగ్నేయమున శివకాశి, ఇంకను ఆగ్నేయమున నల్లరేగడి నేలల నడుమ కోవిల్‌పట్టి. ఈ నేలలో తెలుగు మాటలాడు కుటుంబములు శతాబ్దములుగ నివసించుచున్నవి. విజయనగర ప్రభువుల, మధుర నాయకుల కాలమున దక్షిణమునకు తరలివచ్చిన రాజు కులమువారు రాజపాళయమునందు స్థిరపడిరి. 1949 మొదలు 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగ నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఆ కులమువారే, ఆ యూరివారే. కోవిల్‌పట్టి సమీపమున ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించి తమిళమున గొప్ప కథకుడైన కి. రాజనారాయణన్, తమ పూర్వికుల వలసగాథను 1976లో గోపల్లగ్రామమను నవలగ వ్రాసిరి.

ఈ ప్రజలు పెంచిన కుక్కలు మూడు జాతులుగ ప్రసిద్ధికెక్కినవి. రాజపాళయము జాగిలము పాలవంటి తెల్లని మేను, గులాబివన్నె ముట్టె, సన్నని నడుము కలిగి, ఇంచుమించు 65 మొదలు 75 సెంటీమీటర్ల ఎత్తున నుండును. పూర్వము అడవిపంది వేటకును, ఇండ్లకు పొలములకు కాపునకును వినియోగింపబడెను. సిప్పిపారై తన పుట్టిన గ్రామము పేరనే వ్యవహరింపబడు పరుగుజాతి. పలుచని మేను, పొడుగు కాళ్లు, మెఱుపువంటి వేగము దాని లక్షణములు. కన్ని దానికి మిక్కిలి చేరువయైనది, నల్లని దేహమున కాళ్లకు మూతికి మాత్రము కపిలవర్ణము గలది. కన్యతోబాటు అత్తవారింటికి అరణముగ పంపుటచే ఆ పేరు వచ్చినదని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. 2005 జనవరి 9వ తేదీన భారత తపాలాశాఖ స్వదేశ శునకజాతులకు వెలువరించిన నాలుగు తపాలాబిళ్లలలో రాజపాళయము జాగిలమున కొక బిళ్ల దక్కెను. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు తమ ఆకాశవాణి ప్రసంగమున ఈ మూడు జాతుల పేర్లను ప్రస్తావించి స్వదేశ శునకములను పెంచుడని ప్రజలను కోరిరి. పిమ్మట ఈ జాతుల పిల్లలను తోటలనుండి నగరముల మేడలలోనికి తెచ్చుకొనువారు హెచ్చిరి. అపరిచితుడు తాకుట కిష్టపడక, ఇంటివారిలో ఒకరిద్దరినే నమ్మి, ఎవ్వరును చెప్పకయే గడప కాచు స్వభావము ఈ జాతులది. అట్టి జీవి మూడంతస్తుల మేడలో, మెట్లమీద నిత్యము క్రొత్తవారు తారసిల్లుచుండగా, గుర్రుమనుటలో ఆశ్చర్యమేమున్నది? వేటయైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో నిషిద్ధమైనది. పని పోయినది, ఆ పనికై తరతరములు ఏర్చి కూర్చిన స్వభావము మాత్రము నెత్తుటిలో నిలిచియున్నది. యజమానుడు ఈ సంగతిని ముందుగ గుర్తెరుంగవలెను.

గుర్రు ఒక్కటే శబ్దము గాదు. హంగరీ దేశమున బుడాపెస్టు నగరమందలి ఎయొట్‌వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయమువారు 2010లో ప్రకటించిన ప్రయోగ మొకటి ముచ్చటైనది. ఒక గదిలో ఎముకను ఉంచి, దాని వెనుక మరుగుపరచిన యంత్రమునుండి మూడు విధములైన గుర్రులను వినిపించిరి: ఎముకను కాచుకొను కుక్క చేసినది యొకటి, అపరిచితుని బెదిరించునప్పటిది యొకటి, ఆటలోనిది యొకటి. ఎముకను సమీపించిన కుక్కలు మొదటి శబ్దమును వినినంతనే వెనుకంజ వేసినవి. తక్కిన రెండును వాటినంతగా ఆపలేదు. బెదిరింపు గుర్రును, కూటి గుర్రును మానవుని చెవికి వేరుపరుప కష్టమైనను, కుక్క చెవికి అవి వేర్వేరు వాక్యములని దీనివలన తేలినది. ఆ పరిశోధకులే 2017లో మనుష్యులను పరీక్షింపగా, వినువారు నూటికి 63 పాళ్లు సరిగ గుర్తించిరి. స్త్రీలు పురుషులకంటె మేలుగ గుర్తించిరి, కుక్కలను పెంచినవారు పెంచనివారికంటె మేలుగ గుర్తించిరి. ఆటలోని గుర్రు పొట్టిగ, వెంటవెంట, త్రుళ్లిపడుచు వచ్చును. దేహమంతయు సడలియుండును, ముందుకాళ్లు వంచి పిరుదులెత్తి ఆహ్వానించుట తోడుగ నుండును. బెదిరింపు గుర్రు దీర్ఘము, దేహము కొయ్యబారును.

ఇట్లు సడలు దేహమునకును, కొయ్యబారు దేహమునకును గల వ్యత్యాసమును శాస్త్రదృష్టితో వర్ణించినవాడు చార్లెస్ డార్విన్. 1872లో జీవుల భావప్రకటనను గూర్చి వ్రాసిన గ్రంథమున, శత్రుభావముతో నున్న కుక్క నిక్కబొడుచుకొని నిలుచుటయు, అదే కుక్క వచ్చినవాడు యజమానుడని తెలిసినంతనే మేను వంచి మెలికలు తిరుగుటయు అతడు ప్రక్కప్రక్కన చిత్రించి చూపెను. తోక యూపుచున్నది గనుక స్నేహమేయని తలచుట మాత్రము పొరపాటు. నిటారుగ నెత్తి బిగువుగ ఊపు తోక కలవరమునకు గుర్తు గాని సంతోషమునకు గాదు.

కుక్క గుర్రుమనుటకు ముందు చేయు సైగలు పెక్కు గలవు. నాలుకతో ముట్టె నాకుకొనును. నిద్ర రాకపోయినను ఆవులించును. మొగము ప్రక్కకు త్రిప్పుకొనును. కంటి తెలుపు అర్ధచంద్రాకృతిగ కనబడునట్లు ఓరచూపు చూచును. చెవులు వెనుకకు వాల్చి, ఒక కాలెత్తి, కదలక నిలుచును. ఇవియన్నియు, ‘నన్ను విడువుము, దూరముగ జరుగుము’ అను మనవులు. ఈ మనవులు చెవినిబడనప్పుడు గుర్రు వచ్చును. గుర్రును లక్ష్యపెట్టనిచో గాలిని కరచినట్లు పండ్లు కొట్టును. అదియును గమనింపనిచో కరచును. కావున గుర్రు సోపానక్రమమున చివరి మెట్టునకు ముందుగ వినవచ్చు హెచ్చరిక. నా అభిప్రాయమున ఈ వ్యాసవిషయమున కంతటికిని ఆయువుపట్టు ఇదియే: గుర్రుమను కుక్క కరవకుండుటకు యత్నించు కుక్క.

దీనిని గ్రహింపక, గుర్రుమనినంతనే కఱ్ఱతో కొట్టుట, మెడపట్టుకొని నేలకదుముట, పలుపు గుంజుట మన దేశమున సర్వసాధారణము. ఏమి జరుగును? కుక్కకు భయకారణము తొలగలేదు, బాధకారణము తొలగలేదు, తొలగినది హెచ్చరిక యొక్కటియే. కొంతకాలమునకు ఆ కుక్క సద్దు చేయక కరచును. అప్పుడు ఇంటివారు, ఏ సూచనయు లేకయే కరచినదని వాపోవుదురు. సూచనలను మాన్పించినది తామేయని వారెరుగరు. ఈ సందర్భమున నన్నయ భట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమందలి సరమోపాఖ్యానము నాకు తప్పక జ్ఞప్తికి వచ్చును. జనమేజయుని యజ్ఞవాటికకు దేవశుని సరమ కొడుకైన సారమేయుడు ఆడుకొనుచు రాగా, హవిస్సును ముట్టని ఆ కుక్కపిల్లను రాజసోదరులు కొట్టిరి. అది యేడ్చుచు తల్లితో చెప్పుకొన్నది. సరమ సభకు వచ్చి, తప్పొప్పులు విచారింపక నిరపరాధిని కొట్టినవారికి ఊహింపని భయములు సంభవించునని పలికి వెడలిపోయెను. కుక్కను విచారణ లేక దండించిన యింట కలుగునది సరిగ ఆ యూహింపని భయమే. సరమ పలుకును ఇట్లన్వయించుట నా సొంత భావనయే గాని వ్యాఖ్యాతలది గాదు.

దండనకు శాస్త్రపు ముసుగు తొడిగిన సిద్ధాంతము కూడ నొకటి వ్యాపించినది. 1947లో రుడోల్ఫ్ షెంకెల్ అను పండితుడు స్విట్జర్లండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బోనులందు కూర్చిన తోడేళ్లను పరిశీలించి, అవి ఆధిపత్యమునకై నిరంతరము పోరాడునని వ్రాసెను. దానినుండి, కుక్క తోడేలు సంతతి గనుక ఇంటిలో ఆధిపత్యము కోరుననియు, గుర్రుమనుట తిరుగుబాటనియు, దానిని వెల్లకిల పడవేసి లొంగదీయవలెననియు శిక్షకులు బోధించిరి. ఆ భావమును 1970లో తన గ్రంథముద్వారా ప్రచారమునకు తెచ్చిన డేవిడ్ మెక్ పండితుడే, అటుపిమ్మట ఉత్తరధ్రువ ప్రాంతమున ఎల్స్‌మియర్ ద్వీపమందు స్వేచ్ఛగ తిరుగు తోడేళ్లను సంవత్సరములకొలది పరిశీలించి, అడవిలోని తోడేళ్ల మంద యనునది తల్లిదండ్రులు, పిల్లలు కూడిన కుటుంబమే గాని రణరంగము గాదని 1999లో ప్రకటించెను. తన పూర్వవాక్యమును తానే దిద్దుకొన్న ఆ పండితుని ఋజుత్వము కొనియాడదగినది. ఆ దిద్దుబాటు మన శిక్షకులలో పలువురికి ఇంకను చేరకుండుట శోచనీయము.

ఈ పద్ధతుల ఫలితమును అంకెలతో కొలిచినవారు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు. వారు 2009లో ప్రకటించిన పరిశీలనమున 140 మంది యజమానుల అనుభవములను సేకరించిరి. కుక్కను కొట్టినవారిలో, తన్నినవారిలో నూటికి 43 మందికి ఆ కుక్క తిరుగబడెను. తామును కుక్కవలె గుర్రుమనినవారిలో 41 మందికి. నోటిలోనిది బలాత్కారముగ లాగినవారిలో 39 మందికి. వెల్లకిల పడవేసినవారిలో 31 మందికి. తదేకముగ చూచి బెదిరించినవారిలో 30 మందికి అదే గతి పట్టెను. మన పల్లెలలో, ‘దాని కంట్లోకి చూడు, అదే తగ్గుతుంది’ అని బాలురకు ధైర్యము చెప్పు పెద్దలు ఈ చివరి అంకెను చూడవలెను.

కారణములలో అన్నిటికంటె ముందు విచారింపవలసినది నొప్పి. ఏనాడును గుర్రుమనని కుక్క ఒకనాడు హఠాత్తుగ గుర్రుమనినచో, అది దుష్టమైనదని నిశ్చయించుటకు ముందు చెవిలో చీము పట్టినదేమో, పంటి చిగురు వాచినదేమో, తుంటికీలు అరిగినదేమో, గోమారులవలన జ్వరము వచ్చినదేమో పశువైద్యునిచే చూపింపవలెను. ప్రవర్తనదోషములకై వైద్యులకడకు తేబడు కుక్కలలో తక్కువలో తక్కువ మూడవవంతున కేదో యొక నొప్పి యుండునని 2020లో వెలువడిన యొక సమీక్ష తెలిపెను. ముసలి కుక్కకు చూపు మందగించుటయు కారణమగును.

రాజపాళయము జాతియందు మరియొక విశేషము గలదు. ఆ జాతి యందమునకు మూలమైన తెలుపే కొన్నిటికి చెవుడు తెచ్చుచున్నది. లోపలి చెవియందు వర్ణకణములు లేకపోయినచో, శబ్దమును గ్రహించు సూక్ష్మరోమకణములు పిల్ల పుట్టిన కొద్ది వారములకే నశించును. అట్టి కుక్క ఇంటివారి అడుగుల చప్పుడు వినలేదు. నిద్రించుచుండగా వెనుకనుండి ఎవరైన తాకినచో ఉలికిపడి గుర్రుమనును, ఒక్కొక్కప్పుడు పండ్లాడించును. దానిని పొగరుబోతని నిందించుట ఎంత అన్యాయము! అట్టిదానిని లేపునపుడు నేలను అరికాలితో తట్టి ఆ అదురు తెలియజేయవలెను. చేతిని దాని ముట్టె చెంత నుంచి వాసన చూడనిచ్చి, పిమ్మట భుజమును మెల్లగ తాకవలెను. తాకిన ప్రతిసారియు ఒక రుచిగల తునక నీయవలెను. పిలుపులన్నియు చేతి సైగలుగ నేర్పవలెను. దురదృష్టవశమున, పిల్లను కొనువారు తెలుపును, ముట్టె వన్నెను మాత్రమే చూచుచున్నారు. వెనుక నిలిచి తాళముచెవుల గుత్తి కదలించి అది తల త్రిప్పుచున్నదా యని చూచువారు అరుదు.

భయము రెండవ కారణము. కాని సంఖ్యలో బహుశః మొదటిది. భయపడిన కుక్కకు పరుగెత్తి తప్పించుకొనుట మొదటి మార్గము. పలుపు గాని గొలుసు గాని ఆ మార్గమును మూసివేసినచో మిగులునది ఎదిరించుట. వత్రాప్‌నుండి తాణిప్పారై మీదుగ చతురగిరి కొండకు అమావాస్యకు, పున్నమికి యాత్రికులు బారులు తీరి పోవుదురు. తమిళుల ఆడి మాసపు అమావాస్యకు వచ్చు జనము చెప్పనలవి గాదు. అట్టి బాట ప్రక్కన తోట వాకిట కట్టివేయబడిన కాపుకుక్క, ముందు నడుచు ప్రతివాడును తనవైపునకే వచ్చుచున్నాడని తలచి, పగలెల్ల గుర్రుమనుచు డస్సిపోవును. దానిని ఆ రెండు దినములు పెరటికి మార్చి, బాట కనబడకుండ తడిక కట్టినచో సగము వ్యాధి మందు లేకయే నివర్తించును. బాణసంచాకు దేశమంతట పేరుపొందిన శివకాశి ఈ జిల్లాలోనిదే. దీపావళినాటి ప్రేలుళ్లకు మంచము క్రిందికి దూరిన కుక్క, తన్ను బయటకు లాగవచ్చిన చేతిని చూచి గుర్రుమనును. దానినక్కడనే యుండనిచ్చి, తలుపులు మూసి, చీకటి చేసి, ప్రక్కన నీరుంచుట తగిన పని, లాగుట తగదు.

మూడవది ఆస్తిరక్షణ. సంకటి గిన్నె, ఎముక, పరుపు, ఒక్కొక్కప్పుడు యజమానుని ఒడి, ఇవన్నియు కుక్క దృష్టిలో సొత్తులే. తినుచున్న గిన్నెను నడుమ లాగుకొని ‘ఎవరిది పెత్తనమో తెలియవలెను’ అనువారు, మనుష్యుని చేయి గిన్నెను సమీపించుట దోపిడి యని కుక్కకు స్వయముగ బోధించుచున్నారు. బోధ దీనికి విరుద్ధముగ నుండవలెను. కుక్క తినుచుండగా, అది తల యెత్తని దూరమున నిలిచి, గిన్నెలోనిదానికంటె రుచియైన మాంసపు తునకనో, గ్రుడ్డు ముక్కనో విసరి వెనుదిరిగి పోవలెను. కొన్ని దినములకు కుక్క, వచ్చువానిని చూచి గిన్నె విడిచి తోకయూపుచు తల యెత్తును. అప్పుడే ఒక్క అడుగు దగ్గరకు జరుగవలెను. చెప్పు, బొమ్మ మున్నగువానిని నోట కరచుకొన్నప్పుడు గుంజక, వేరొకటి చూపి మార్పిడి చేయవలెను. పరుపుమీదినుండి దించుటకు నెట్టరాదు. దూరమునుండి పిలిచి, దిగినందులకు బహుమాన మీయవలెను.

కుక్క గుర్రుమనిన ఆ క్షణమున చేయవలసినది చాల స్వల్పము. కదలక నిలిచి, చూపును ప్రక్కకు మరల్చి, దేహమును ఒకింత ఏటవాలుగ త్రిప్పి, మెల్లగ వెనుకకు తగ్గవలెను. వంగి లాలింపరాదు, అదలింపరాదు. వెనుకకు తగ్గినచో కుక్క గెలిచినట్లగునను శంక పలువురిని బాధించును. అది గెలుపోటముల సమయము గాదు, అపాయము దాటించు సమయము. చికిత్స తరువాతి దినములలో, కుక్క ప్రశాంతముగ నున్న దూరమున ఆరంభింపవలెను. భయకారణము దూరమున కనబడుట, వెంటనే రుచిగల తునక లభించుట, అది కనుమరుగగుట, తునకలు నిలిచిపోవుట. ఈ క్రమమును దినమునకు కొద్ది నిమిషములు, వారములకొలది జరుపగా, కారణమును చూడగనే కుక్క మనస్సున భయమునకు బదులు ఆశ మొలకెత్తును. మధ్యలో గుర్రుమనినచో మనమే తొందరపడి దగ్గరకు జరిగితిమని అర్థము. అపాయమునకు అవకాశమున్న యింట, ఎద్దుల మూతికి కట్టు చిక్కమువలె, నోరు తెరచి ఊపిరి పీల్చుటకు, నీరు త్రాగుటకు వీలుగల బుట్ట మూతిచిక్కమును ముందునుండియే తిండి చూపి అలవాటు చేయవలెను. అది శిక్షగ వాడదగినది గాదు. ఇక పసిపిల్లలు, కుక్క ఒకే గదిలో నున్నప్పుడు పెద్దవారొకరు కన్నెత్తి చూచుచుండుట తప్పనిసరి. ప్రాకు శిశువు నిద్రించు కుక్కను చేరనీయరాదు. ఈ విషయమున నేనే మినహాయింపును అంగీకరింపను.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను కరచుట సంభవించినచో, గాయమును వెంటనే సబ్బుతో, ధారగా కారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు. నీలగిరులందు కూనూరున 1907లో పాశ్చర్ సంస్థ నెలకొన్నది మొదలు దక్షిణదేశమున కుక్కకాటువలన సోకు రేబీస్ వ్యాధి నివారణకు టీకా లభ్యమగుచున్నది. కరచిన కుక్కను పది దినములు గమనించుట మంచిదే కాని, ఆ గమనికను సాకుగ పెట్టుకొని టీకాను వాయిదా వేయరాదు. రేబీస్ సోకిన కుక్క గొంతు మారి బొంగురుపోవుట, అకారణముగ ప్రవర్తన మారుట కలదు గనుక, క్రొత్తగ వచ్చిన గుర్రును ఈ దృష్టితోను పరీక్షింపవలెను.

పిల్లనాటి పెంపకము వలన ఈ చిక్కులలో పెక్కింటిని ముందే తప్పింపవచ్చును. స్కాట్, ఫుల్లర్ అను అమెరికను పండితులు దీర్ఘకాలము పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథమువలన, సుమారు మూడవ వారమునుండి పండ్రెండవ వారము వరకు గల కాలము కుక్కపిల్ల లోకమును పరిచయము చేసికొను అదనని తెలియవచ్చినది. ఆ కాలమున గడ్డముగలవారిని, గొడుగు పట్టినవారిని, పిల్లలను, వాహనములను, పశువులను భయము లేకుండ చూచిన పిల్ల పెద్దదైన పిమ్మట వానిని చూచి తత్తరపడదు. ఆ వారములను చీకటికొట్టములో గడపిన పిల్లను ఎంత గొప్ప జాతిదని కొనితెచ్చినను, ఆ లోటు పూడ్చుటకు ఏండ్లు పట్టును.

చికిత్స సాగుచున్నప్పుడు యజమాను లడుగు ప్రశ్న, గుర్రుమనుట ఎప్పుడు మానునని. ప్రశ్నను మార్చుకొని, ఎంత దూరమున గుర్రుమనుచున్నదో, ఎంతసేపటికి శాంతించుచున్నదో చిన్న పుస్తకమున వ్రాసికొనుచుండుట ప్రయోజనకరము. తేదీ, వేళ, ఎదుట నున్నవారు, అడుగులలో దూరము, గుర్రునకు ముందు కనబడిన సైగ, ఇంతమాత్రము చాలును. మొదటి మాసమున ఇరువదియడుగుల దూరమున వాకిటి పాలవానిని చూచి గుర్రుమనిన కుక్క, మూడవ మాసమున ఎనిమిదడుగుల దూరమున వానిని చూచి, గుర్రుమనక మొగము ప్రక్కకు త్రిప్పుకొన్నదని ఆ పుస్తకమున కనబడినచో, అది మరల మెల్లని గొంతుతో మాటలాడుట నేర్చుకొనుచున్నదని తెలిసికొని, పాలవానిని ఆ ఎనిమిదడుగుల చోటనే నిలువుమని కోరవలెను.